"మనోడే" అనే మాట దస్తావేజు కాదు

మన ఇంటిపేర్లు ఏ ఊరి నుంచి వచ్చాయో, ముత్తాతలు ఏ కరువుకు ఏ గడ్డ వదిలి ఇక్కడ చేరారో, మన ఇళ్ళల్లో బొబ్బట్టు ఒబ్బట్టు ఎప్పుడయిందో, ఇట్లాంటివి ఈ చోట చాలానే రాసుకున్నాం. ఈసారి రాసేది అంత తియ్యటి సంగతి కాదు. ఇల్లు కొనేటప్పుడూ అమ్మేటప్పుడూ మన కుటుంబాలు లాయరు దగ్గరికి పోవు. పోయినా అంతా అయిపోయి, కోర్టు నోటీసు చేతికొచ్చాక పోతాయి. ఇంతకంటే చేటు ఏమిటంటే, పోకపోవడాన్ని ఒక సంస్కారంగా చెప్పుకుంటాయి. "మన మధ్య లాయరెందుకు" అనే మాటను పెద్దరికంగా భావించే ఇళ్ళు ఎన్నో. ఆ మాట మీద మాకు కోపం ఉంది. ఆ కోపంతోనే రాస్తున్నాం.

మేము కోలారు వైపు వాళ్ళం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. పదో తరగతి దాకా కన్నడ మీడియం. అందుకని చుట్టాల్లో ఎవరింట్లో పాత కాగితం బయటికొచ్చినా చదివి పెట్టమని మా దగ్గరికే తెస్తారు. పహణి, ఖాతా, పాలుపట్టి, క్రయపత్రం, ఋణభార పత్రం అన్నీ చదివి పెడతాం. చదివినాక ప్రతిసారీ ఒకే మాట చెప్తాం. "అక్షరాలు చదివేది వేరు, హక్కు చదివేది వేరు. మేము అక్షరాలు చదివినాం. హక్కు చదివేదానికి లాయరు కావాలి." విని తలూపుతారు. తలూపి నేరుగా పోయి టోకెన్ అడ్వాన్సు ఇచ్చి వస్తారు.

ఏం చూసుకుని ఇంత ధైర్యం అని అడిగితే వచ్చే జవాబులు నాలుగే. అమ్మేది మనోడే. మధ్యలో ఉండేది మనోడే. బ్యాంకు లాయరు ఎట్లాగూ చూస్తాడు కదా. రిజిస్టరు అయిపోతే ఇంకేం భయం. ఈ నాలుగింటినీ ఒక్కొక్కటిగా విప్పి చూద్దాం రండి.

అమ్మేది మనోడే

పరాయి రాష్ట్రంలో పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్ళకు మనోడు అనే మాట ఒకప్పుడు ప్రాణం. మొదటి అద్దె ఇల్లు ఇప్పించింది మనోడు, కొట్లో అప్పు పుట్టించింది మనోడు, పిల్ల పెళ్ళికి సంబంధం చూసింది మనోడు. దాన్ని మేము తక్కువ చేసి మాట్లాడటం లేదు. కానీ అప్పు పుట్టించే నమ్మకంతో ఇంటి హక్కు పుట్టదు.

మనోడు మంచివాడే అనుకుందాం. అబద్ధం ఆడడు, పైసా ఎగ్గొట్టడు. అయినా ఆయన చేతిలో ఉన్న హక్కు సరిగా ఉందని ఎట్లా తెలుస్తుంది? ఆయనకు వాళ్ళ నాయన నుంచి వచ్చింది. నాయనకు తాత నుంచి వచ్చింది. తాతలు అన్నదమ్ములు నలుగురూ రచ్చబండ దగ్గర నోటిమాటతో పంచుకున్నారు. అందులో ఒకాయన పిల్లలు చిన్నతనంలోనే ఊరు వదిలి పోయినారు. వాళ్ళ సంతకం ఎక్కడా లేదు. ఈ సంగతి అమ్మేవాడికే తెలియకపోవచ్చు. మనిషి మంచితనం వేరు, హక్కు మంచితనం వేరు. రెండోదాన్ని ముఖం చూసి కనిపెట్టలేం.

చట్టం ఏమంటుందో కూడా చూడండి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను ప్రకారం, మామూలు జాగ్రత్తతో కొనేవాడికి తెలియని లోపాలను అమ్మేవాడు బయటపెట్టాలి. మామూలు జాగ్రత్తతో తెలిసేవాటిని చూసుకోవాల్సింది కొనేవాడే. అదే చట్టం 3వ సెక్షను ఇంకో అడుగు ముందుకు పోతుంది. రిజిస్టరయిన దస్తావేజు ఏదైనా ఉంటే, అది కొనేవాడికి తెలిసినట్టే లెక్క. మీరు చూశారా, చూడలేదా అని కోర్టు అడగదు. "మాకు తెలీదు సార్, మనోడే కదా అని నమ్మినాం" అంటే జడ్జిగారు జాలిపడతారేమో గానీ తీర్పు మారదు.

మధ్యలో ఉండేది మనోడే

బ్రోకరు అన్నకు కమీషను ఎప్పుడొస్తుంది? అమ్మకం జరిగితే వస్తుంది. ఆగిపోతే రాదు. ఆయన ఎంత ఆప్తుడైనా, ఈ అమ్మకం ఆగాలని కోరుకునే కారణం ఆయనకు లేదు. "ఇంకో పార్టీ రెడీగా ఉండాది, రేపు వస్తామంటా ఉండారు" అనే మాట మన ఊళ్ళల్లో ఎన్ని కొంపలు ముంచిందో లెక్కలేదు. ఆ తొందర మీది కాదు, ఆయనది.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందర దస్తావేజులు రాసేవాళ్ళు ఉంటారు. చాలామంది పనిమంతులే. స్టాంపు ఎంత కట్టాలి, పేరెట్లా రాయాలి, చెక్కుబంది ఎట్లా రాయాలి అన్నీ కంఠతా వచ్చు. కానీ వాళ్ళు రాసేది మీరు చెప్పింది. మీరు చెప్పింది నిజమా అని తవ్వి చూడటం వాళ్ళ పని కాదు, దానికి వాళ్ళు డబ్బులూ తీసుకోలేదు. మన కుటుంబాల్లో చాలామంది ఆయన్నే లాయరు అనుకుంటారు. పెళ్ళి శుభలేఖ అచ్చువేసినవాడు సంబంధం కూడా విచారించి ఉంటాడని నమ్మినట్టుంది ఇది.

బ్యాంకు లాయరు చూస్తాడు

చదువుకున్నవాళ్ళు, మాతోపాటు సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాళ్ళు ఎక్కువగా చెప్పే మాట ఇది. మా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ పరీక్షించడం. ఆ పనిలో మొదట నేర్పేది, ఎవరి కోసం పరీక్షిస్తున్నావో తెలుసుకో అని. ఒకరి అవసరానికి పాసయింది ఇంకొకరి అవసరానికి ఫెయిలవుతుంది.

బ్యాంకు లాయరు బ్యాంకు కోసం చూస్తాడు. ఆయన రిపోర్టు బ్యాంకు పేరున ఉంటుంది. దాని ఖర్చు మీ నుంచే వసూలు చేస్తారు, కాపీ అడిగితే చాలాచోట్ల ఇవ్వరు. బ్యాంకు అడిగే ప్రశ్న ఒక్కటే. అప్పు తీర్చకపోతే ఈ ఇంటి మీద మా డబ్బు మాకు వస్తుందా? మీరు అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఇంటికి పోయే దారి దస్తావేజులో ఉందా, పక్కవాడి దయ మీద ఉందా? మేడ మీద ఇంకో అంతస్తు వేసుకోవచ్చా? పదేళ్ళ తర్వాత మా పిల్లలు అమ్మాలంటే అడ్డం వచ్చేది ఏమైనా ఉందా?

ఇంకో లెక్క చూడండి. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం ఇంటి లోను 30 లక్షల దాకా అయితే ఇంటి విలువలో 90 శాతం వరకు ఇవ్వచ్చు. 30 నుంచి 75 లక్షల దాకా 80 శాతం వరకు, అంతకు మించితే 75 శాతం వరకే. మిగతాది మీ చేతి డబ్బు. అమ్మ నగలు, నాయన పీఎఫ్, మీ పదేళ్ళ జీతం మిగులు అందులో ఉంటాయి. ఇంటి హక్కులో చిల్లు పడితే మొదట కారిపోయేది అదే. పైగా హక్కు పోయినా అప్పు పోదు. కిస్తీ నెల నెలా కట్టాల్సిందే. బ్యాంకుకు ఇల్లూ తాకట్టే, మీ జీతమూ తాకట్టే. మీకు ఉండేది ఇల్లు ఒక్కటే.

రిజిస్టరు అయిపోతే భయం లేదు

ఇది అన్నిటికంటే పెద్ద భ్రమ. మన దేశంలో రిజిస్టరయ్యేది దస్తావేజు, హక్కు కాదు. ఎవరు ఎవరికి ఏం రాసిచ్చారో సబ్ రిజిస్ట్రారు నమోదు చేస్తాడు. రాసిచ్చినవాడికి ఆ హక్కు ఉందా అని తీర్పు చెప్పే అధికారం ఆయనకు లేదు. అమ్మేవాడు హక్కు రుజువు చేయకపోతే రిజిస్ట్రేషను నిరాకరించవచ్చని తమిళనాడు ఒక నియమం పెట్టుకుంటే, 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. హక్కు సంగతి సబ్ రిజిస్ట్రారు పని కాదని తేల్చి చెప్పింది. అంటే ఆ పని ఎవరిది? మీది. మీ తరఫున చూసే లాయరుది.

ఖాతా సంగతీ అంతే. ఖాతా ఎవరి పేరున ఉంటే ఇల్లు వాళ్ళదే అని మన పెద్దవాళ్ళు ఇప్పటికీ అంటారు. ఖాతా పన్ను వసూలుకు పెట్టుకున్న లెక్క. ఖాతా, మ్యుటేషను వల్ల యాజమాన్యం రాదని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. ఇప్పుడు కర్ణాటకలో ఇ-ఖాతా లేకుండా రిజిస్ట్రేషను జరగడం లేదు కాబట్టి "ఇ-ఖాతా వచ్చేసింది, అంతా క్లియర్" అనే కొత్త మాట మొదలయింది. కంప్యూటర్లో ఎక్కినంత మాత్రాన తప్పు ఒప్పు కాదు. ఈ మాట మా వృత్తి వాళ్ళకంటే ఎవరికి బాగా తెలుసు?

ఇక ఈసీ. ఋణభార పత్రం. ఫారం 16 వచ్చిందంటే ఏ లావాదేవీ లేదని అర్థం చేసుకుని సంబరపడతారు. ఈసీలో కనిపించేది ఆ ఆఫీసులో రిజిస్టరయిన లావాదేవీలు మాత్రమే. రిజిస్టరు చేయని వీలునామా కనిపించదు. నోటిమాట పంపకాలు కనిపించవు. కోర్టులో నడుస్తున్న దావా కనిపిస్తుందన్న నమ్మకం లేదు. దావా నడుస్తుండగా కొంటే, మీకు దాని గురించి తెలియకపోయినా తీర్పు మిమ్మల్ని కట్టేస్తుంది. ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షను చెప్పేది అదే.

జీపీఏ మీద కొన్న సైట్ల గురించి వేరే చెప్పక్కర్లేదు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అగ్రిమెంటు, వీలునామా మూడూ కలిపి ఇచ్చినా అది అమ్మకం కాదని సూరజ్ ల్యాంప్ కేసులో 2011లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయినా పోయిన ఏడాది కూడా మా దగ్గరికి అట్లాంటి కట్ట ఒకటి చదివేదానికి వచ్చింది. మీద పసుపు, కుంకుమ కూడా పెట్టి ఉన్నాయి.

మన ఊళ్ళ కాగితాలు మామూలువి కావు

మన కుటుంబాలకు లాయరు మిగతావాళ్ళకంటే ఎక్కువ అవసరం. ఎందుకంటే మన ఆస్తులు సరిహద్దులు మారిన ఊళ్ళల్లో ఉన్నాయి. బళ్ళారి 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. బరంపురం 1936లో ఒడిశాలో కలిసింది. యానాంలో 1954 దాకా ఫ్రెంచి పాలన. హోసూరులో ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, ఆఫీసులో తమిళం. మూల దస్తావేజు ఒక భాషలో, మధ్య కాలపు పత్రం ఇంకో భాషలో, ఇప్పటి ఖాతా మరో భాషలో ఉండే ఇళ్ళు మనవే. పిల్లలు ఇంగ్లీషు మీడియం. తాత సంతకం కూడా వాళ్ళు చదవలేరు. చదవలేని కాగితం మీద నలభై, యాభై లక్షలు పెడతారు.

మా కోలారు, చిక్కబళ్ళాపురం వైపు ఇంకొక సంగతి ఉంది. వ్యవసాయ భూమిని మార్పిడి ఆర్డరు లేకుండానే సైట్లుగా కోసి అమ్మినవి ఎన్నో. వాటిని రెవెన్యూ సైట్లంటారు. అట్లాగే ప్రభుత్వం షెడ్యూల్డు కులాల వాళ్ళకు, తెగల వాళ్ళకు మంజూరు చేసిన భూములు. కర్ణాటకలో 1978 నాటి చట్టం ప్రకారం అట్లాంటి భూమిని ప్రభుత్వ అనుమతి లేకుండా అమ్మితే ఆ అమ్మకం చెల్లదు, భూమి తిరిగి ఆ కుటుంబానికే పోవాలి. ఎన్నేళ్ళయినా వాళ్ళు అడగవచ్చని 2023 సవరణ తలుపు తెరిచింది. అది వాళ్ళకు న్యాయంగా రావాల్సింది. దాని మీద మనకు ఏడుపు ఉండకూడదు. కానీ కొనకముందే చూసుకుని తప్పుకోవచ్చు కదా! పేదవాడి భూమి మీద తెలియకుండా ఇల్లు కట్టుకోవడం, తర్వాత కోర్టులో ఆ పేదవాడి మీదే పోట్లాడటం, ఈ రెండు పాపాలూ తప్పించేది మూల మంజూరు పత్రాన్ని అడిగి చదివే లాయరు. సైటు అమ్మేవాడు ఆ పత్రం తనంతట తాను ఎప్పుడూ చూపించడు.

ఈ ఊరి చరిత్ర తెలిసిన లాయరే ఎందుకు కావాలో దీన్నిబట్టి తెలుస్తుంది. బెంగళూరులో పెద్ద ఆఫీసు పెట్టుకున్నవాడి కంటే ఆ తాలూకా సివిల్ కోర్టులో రోజూ నిలబడేవాడికి ఏ సర్వే నంబరు మీద ఏ గొడవ ఉందో ఎక్కువ తెలుసు.

అక్కచెల్లెళ్ళ సంతకం

ఇప్పటిదాకా కొనేవాళ్ళ సంగతి. అమ్మేటప్పుడు మన ఇళ్ళల్లో జరిగేది ఇంకా సిగ్గుచేటు.

తాత కట్టిన ఇల్లు అమ్మాలనుకుంటారు. అన్నదమ్ములు కూర్చుని ధర మాట్లాడుకుంటారు. అడ్వాన్సు తీసుకుంటారు. రిజిస్ట్రేషనుకు రెండు రోజుల ముందు ఎవరో గుర్తుచేస్తారు, ఆడపిల్లల సంతకాలు కావాలంట అని. మదనపల్లెలో ఒక అక్క, హిందూపురంలో ఒక చెల్లెలు. ఫోన్లు పోతాయి. "ఏం లేదమ్మా, ఊరికే ఫార్మాలిటీ. పొద్దున వచ్చి సాయంత్రం పోవచ్చు." వస్తారు. భోజనం పెడతారు, చీర పెడతారు, వేలిముద్ర వేయించుకుంటారు. కన్నడంలో ఉన్న ఆ పత్రాన్ని వాళ్ళకు ఎవరూ చదివి వినిపించరు. ఆడిగితే పుట్టింటి మీద అనుమానపడిందని పేరొస్తుంది. ఏ వాటా వదులుకున్నారో, దాని విలువ ఎంతో తెలియకుండానే బస్సెక్కుతారు.

చట్టం ఎక్కడుందో ఒకసారి చూడండి. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు పుట్టుకతో హక్కు అని ఆంధ్రలో 1985 నుంచి, తమిళనాడులో 1989 నుంచి, కర్ణాటకలోనూ మహారాష్ట్రలోనూ 1994 నుంచి ఉంది. అప్పట్లో అది ఆనాటికి పెళ్ళికాని వాళ్ళకే. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతా పెళ్ళయినా కాకపోయినా కొడుకుతో సమానం. ఉన్న ఇంట్లో మగపిల్లలు పంచుకుంటేనే ఆడపిల్ల వాటా అడగాలనే పాత 23వ సెక్షను కూడా అప్పుడే పోయింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. "మాకెప్పుడో నోటిమాటతో పంపకాలు అయిపోయినాయి" అనే వాదనను ఊరికే ఒప్పుకోకూడదని, గట్టి ప్రభుత్వ రికార్డు ఉండాలని కూడా అందులోనే చెప్పింది. తండ్రి సొంత సంపాదనతో కట్టి, వీలునామా రాయకుండా పోయిన ఇల్లయితే భార్యకు, తల్లికి, కొడుకులకు, కూతుళ్ళకు సమాన వాటాలు.

కాబట్టి ఆ సంతకం ఫార్మాలిటీ కాదు. అది ఆస్తి. దాన్ని వదులుకోవడం ఆమె ఇష్టమయితే వదులుకోవచ్చు. ప్రేమతో ఇచ్చే అక్కలు, చెల్లెళ్ళు ఉన్నారు, వాళ్ళకు దండం. కానీ ఏమి ఇస్తోందో తెలిసి ఇవ్వాలి. తెల్ల కాగితం మీద, మామూలు స్టాంపు పేపరు మీద సంతకం తీసుకుంటే అది చెల్లదు కూడా. 100 రూపాయలు, అంతకు మించి విలువున్న స్థిరాస్తిలో హక్కు వదులుకుంటే ఆ పత్రం రిజిస్టరు కావాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షను చెప్తోంది.

ఇక్కడ మా వాదన ఒక అడుగు ముందుకు. అన్నదమ్ముల లాయరు వేరు, అక్కచెల్లెళ్ళ లాయరు వేరు ఉండాలి. ఒకే లాయరు రెండు తరఫులా చూస్తానంటే ఒప్పుకోకండి. "ఇంటి ఆడపిల్ల లాయరును పెట్టుకుంటుందా" అని ముక్కున వేలేసుకునే పెద్దమ్మలకు, చిన్నాయనలకు మేము అడిగేది ఒకటే. ఆమెకు అర్థమయ్యే భాషలో, ఆమె తరఫున మాట్లాడే ఒక మనిషి పక్కన కూర్చుంటే మీకొచ్చే నష్టం ఏమిటి? నష్టం ఉందంటే, ఆమెకు తెలియకూడని సంగతి ఏదో ఉందని అర్థం.

డబ్బు లేదని ఆమె వెనక్కి తగ్గాల్సిన పని కూడా లేదు. 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార చట్టం 12వ సెక్షను కింద స్త్రీలకు ఉచిత న్యాయ సహాయం హక్కు. ఆదాయం ఎంత అని కూడా చూడరు. తాలూకా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవల కమిటీ ఉంటుంది. 15100కు ఫోను చేసినా చెప్తారు. ఈ నంబరు మన ఆడపిల్లల ఫోన్లలో ఉండాలి.

అన్నదమ్ములకు కూడా ఒక మాట. ఇది మీ మంచికే. కొనేవాడికి అమ్మేసి చేతులు కడుక్కున్నాం అనుకోవద్దు. అమ్మేవాడికి హక్కు ఉందని, అమ్మే అధికారం ఉందని హామీ ఇచ్చినట్టేనని ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షనులోనే ఉంది. వాటా నుంచి తప్పించారని తెలిసిన రోజు నుంచి 12 ఏళ్ళ దాకా దావా వేయవచ్చు. అమ్మేసి, పంచుకుని, ఖర్చుపెట్టేసి కూర్చున్నాక మేనకోడలు దావా వేస్తే, కొన్నవాడు వచ్చి పట్టుకునేది మిమ్మల్నే.

మాకు చెప్పే అభ్యంతరాలు

లాయరు ఫీజు దండగ అంటారు. 60 లక్షల ఇంటికి కర్ణాటకలో 5 శాతం చొప్పున స్టాంపు డ్యూటీయే 3 లక్షలు. దాని మీద సెస్సు, సర్‌చార్జి, రిజిస్ట్రేషను ఫీజు. బ్రోకరు కమీషను అడక్కుండానే ఇస్తారు. గృహప్రవేశానికి షామియానా, వంటవాళ్ళు, వీడియో. వీటి పక్కన కాగితాలు చూసే లాయరు ఫీజు ఎంత? ఇంటి ఖర్చంతటిలో బేరమాడి తీసేసేది ఇంటిని కాపాడే ఆ ఒక్క ఖర్చునే.

లాయర్లూ మోసం చేస్తారు అంటారు. చేసేవాళ్ళు ఉన్నారు, కాదనం. అందుకే అమ్మేవాడు, బ్రోకరు చూపించిన లాయరును పెట్టుకోకూడదు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. లాయరు తప్పు చేస్తే 1961 నాటి అడ్వకేట్ల చట్టం కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. మనోడు తప్పు చేస్తే ఏ కౌన్సిల్‌కు చెప్పుకుంటారు?

ఆలస్యమవుతుంది, ఇల్లు చేజారిపోతుంది అంటారు. పోనీయండి. వారం, పది రోజులు కాగితాలు చూసేదానికి గడువివ్వని అమ్మకందారు దగ్గర కొనకపోతే మంచిదే.

అపార్టుమెంటు కదా, రెరా ఉంది కదా అంటారు. రెరా మంచి చట్టమే. రిజిస్టరయిన అగ్రిమెంటు లేకుండా బిల్డరు 10 శాతానికి మించి తీసుకోకూడదు. భూమి హక్కులో లోపం వల్ల నష్టం జరిగితే, పరిహారం అడగడానికి కాలపరిమితి అడ్డం రాదు. కానీ ఆ అగ్రిమెంటు రాసేది బిల్డరు లాయరు. వందల పేజీల్లో మీకు వ్యతిరేకంగా ఏముందో చదివి చెప్పేది ఎవరు? సేల్స్ పిల్లవాడా?

ఏం చేయాలి

మేము అడిగేది పెద్దదేం కాదు. టోకెన్ అడ్వాన్సు ఇవ్వకముందే మీ లాయరును పెట్టుకోండి. అగ్రిమెంటు చేసుకున్నంత మాత్రాన ఇంటి మీద హక్కు రాదని ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షను చెప్తోంది. ఇచ్చిన డబ్బు మాత్రం పోయి ఉంటుంది. అభిప్రాయం నోటితో కాదు, రాతలో, మీ పేరున, సంతకంతో తీసుకోండి. ఏ ఏ పత్రాలు చూశాడో, వాటిలో అసలు ఏది, జెరాక్సు ఏది అని అందులో ఉండాలి. కనీసం 30 ఏళ్ళ చరిత్ర, మూల దస్తావేజు నుంచి గొలుసు తెగకుండా చూడాలి. చనిపోయినవాళ్ళ వంశవృక్షంలో ఆడపిల్లల పేర్లున్నాయా అని చూడాలి. ఆ పేర్ల మీద కోర్టులో దావాలున్నాయా అని వెతకాలి. హక్కులో లోపం తేలితే అడ్వాన్సు పూర్తిగా వెనక్కి ఇవ్వాలని అగ్రిమెంటులో రాయించాలి. అమ్మేవాళ్ళయితే, ఎవరికీ అమ్మే అధికారంతో జీపీఏ రాసివ్వకముందు అది లాయరుకు చూపించాలి. "తిరిగేదానికి సులువుగా ఉంటుంది మామా" అని అడిగేది సొంత మేనల్లుడైనా సరే.

తెలుగు పోకుండా కాపాడుకుంటున్నామని గర్వపడతాం. పిల్లలకు అక్షరాలు నేర్పిస్తాం, పాటలు నేర్పిస్తాం. మంచిదే. తాత కట్టిన ఇల్లు కూడా వారసత్వమే. అందులో అత్తకు రావాల్సిన వాటా కూడా వారసత్వమే. వాటిని నోటిమాట మీద వదిలేసి, భాషను మాత్రం పట్టుకుంటే సరిపోదు. ఈ ఏడాది మన కుటుంబాల్లో ఎవరు ఇల్లు కొన్నా, అమ్మినా, "శుభాకాంక్షలు" చెప్పకముందు ఒక ప్రశ్న అడగండి. మీ తరఫున కాగితాలు చూసిన లాయరు ఎవరు? జవాబు "మనోడే" అని వస్తే, అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు కదా అని కూడా అడగండి.